నాకు ఎవరూ ఏమీ చెప్పరాదు

మా విశ్వవిద్యాలయంలో సమాచార శాస్త్రం అని ఒక శాఖ ఉంది. అక్కడ కొందరు చదువు చెబుతారు, కొందరు చదువుకుంటారు. వాళ్ళందరూ కలిసి చదివేది నన్ను.

ఇందులో గొప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదని మా ఆవిడ హంపమ్మ అంటుంది. నేను మాత్రం కొన్నాళ్ళు బాగానే చెప్పుకున్నాను. నోటితో కాదు, నాకు మాట్లాడటమంటే బద్ధకం. కుర్చీలో కూర్చునే తీరుతో చెప్పుకున్నాను.

అంతకుముందు నేను ఆ శాఖ ముందున్న క్రోటన్ మొక్కలకు నీళ్ళు పోసేవాణ్ణి. పేరు వన్నూరప్ప. చదివింది మూడో తరగతి. నాలుగో తరగతి గది పైకప్పు వానకు కూలిపోయింది గానీ, లేకుంటే అందులో కూడా ఒక ఏడాది కూర్చునేవాణ్ణే.

మొదట్లో దాన్ని గ్రంథాలయ శాస్త్ర శాఖ అనేవారు. ఒకరోజు పొద్దున పెయింటరు వచ్చి బోర్డు మీద 'గ్రంథాలయ' అన్నచోట తెల్లరంగు పూసి 'సమాచార' అని రాసిపోయాడు. పేరులో పుస్తకం లేదు కాబట్టి గదుల్లో మాత్రం ఎందుకని, ఉన్న పుస్తకాలన్నీ సైకిల్ స్టాండు పక్కనున్న కొట్టులో వేసి తాళం పెట్టారు. అందరూ కొత్తగా, తేలిగ్గా తిరుగుతుండగా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. శాస్త్రం అని పేరున్న ప్రతి శాఖకూ ప్రయోగశాల ఉండి తీరాలి, లేని శాఖను మూసేస్తారు.

శాఖాధిపతి ఆచార్య తిరువేంగళంగారు వరండాలోనే సమావేశం పెట్టారు, లోపల కరెంటు లేదు. నేను పక్కనే నీళ్ళు పోస్తున్నాను.

"భౌతిక శాస్త్రం వారికి త్రాసులున్నాయి. వృక్షశాస్త్రం వారికి ఆకులున్నాయి. మనకేమున్నది?" అన్నారాయన.

"కంప్యూటర్లున్నాయి సార్" అన్నారొకరు.

"అవి కంప్యూటరు శాఖ వారి పరిధి. వారు అభ్యంతరపెట్టుదురు." ఆచార్యులవారు కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించారు. "ఆకలిని పరిశోధించుటకు కావలసినది అన్నము కాదు. ఆకలిగొన్నవాడు. అట్లే సమాచారమును పరిశోధించుటకు సమాచారము లేనివాడు కావలెను. సమాచార దరిద్రుడు! అతడే మన ప్రయోగశాల!"

అందరూ చప్పట్లు కొట్టారు. కరెంటు కూడా వచ్చింది.

మర్నాడు ఒక జీపు వేసుకుని దరిద్రుడి కోసం పల్లెలకు బయలుదేరారు. పాపం, ఎక్కడా దొరకలేదు. గొర్రెలు కాసేవాడు కోలారు మార్కెట్లో ఆ పూట టమాటా ధర ఎంతో చెప్పాడట. మంచం దిగలేని ముసలమ్మ ఎవరో సినిమా నటుడి విడాకుల సంగతి మొదలుపెట్టి జీపును గంటసేపు కదలనివ్వలేదట. సాయంత్రానికి అందరూ ముఖాలు వేలాడేసుకుని తిరిగొచ్చారు.

అందులో షంషాద్ అనే పిల్ల ఉంది. గుంతకల్లు వైపు నుంచి వచ్చి అక్కడ పరిశోధన చేస్తోంది. దుమ్ముపట్టిన కాళ్ళు కడుక్కోవడానికి నా పైపు దగ్గరికి వచ్చింది. ఊరికే, అలవాటుకొద్దీ అడిగింది.

"తాతా, నీకు ఫోనుండాదా?"

"లేదు" అన్నాను. ఉండేది. నీళ్ళ తొట్టిలో పడింది. కానీ అదంతా చెప్పాలంటే చాలా మాటలు ఖర్చవుతాయి.

"పేపరు చదువుతావా?"

"లేదు."

"టీవీ?"

"ఆమె చూస్తాది."

"మన వైస్ ఛాన్సలర్ ఎవరు తాతా?"

"తెలీదు."

"మన రాష్ట్రానికి గవర్నర్ ఎవరు?"

"తెలీదు."

ఆ పిల్ల చేతిలో మగ్గు కిందపడింది. "సార్! దొరికినాడు సార్! మన కాంపౌండులోనే ఉండాడు!" అని చెప్పులు లేకుండానే లోపలికి పరిగెత్తింది.

ఇందులో ఒక కిటుకు ఉంది. తెలుసు అంటే, ఏం తెలుసని ఇంకో ప్రశ్న వస్తుంది. తెలీదు అంటే పీడ అక్కడితో వదులుతుంది. చిన్నప్పటి నుంచీ నాకదే అలవాటు. నిజం చెప్పాలంటే చాలావాటికి జవాబు నాకు తెలియను కూడా తెలియదు. అలా సగం బద్ధకం వల్ల, సగం యోగ్యత వల్ల నేను ప్రయోగశాలనయ్యాను.

మొక్కల పని ఇంకొకరికి అప్పజెప్పి నాకు నడవాలో చేతుల కుర్చీ ఇచ్చారు. మెడలో 'శాంపిల్ నంబరు ఒకటి' అని బిళ్ళ వేశారు. నా పని కూర్చోవడం, తెలియకపోవడం. పిల్లలు వరసగా వచ్చేవారు.

"మీకేదైనా తెలుసుకోవాలనిపిస్తే ఏం చేస్తారు?"

"ఊరికే ఉంటా."

"అప్పటికీ తెలియకపోతే?"

"అప్పుడూ ఊరికే ఉంటా."

వాళ్ళు దాన్ని పెద్ద అక్షరాలతో రాసుకునేవారు. నా మీద వ్యాసాలొచ్చాయి. నేను మాట్లాడకుండా ఉండే సమయాన్ని నాలుగు రకాలుగా విడదీసి ఒకాయన పట్టా కూడా పుచ్చుకున్నాడు. నాకవన్నీ ఒకే రకంగా ఉండేవి గానీ, పెద్ద చదువులు చదివినవాళ్ళు, వాళ్ళకు తేడా తెలిసే ఉంటుందని ఊరుకున్నాను. మెల్లగా నాకూ కొంచెం ఒళ్ళు బరువెక్కింది. దారిలో ఎవరైనా పలకరిస్తే నా బిళ్ళ కనబడేలా పక్కకు తిరిగి నిలబడేవాణ్ణి.

చిక్కల్లా ఏమిటంటే, దరిద్రుణ్ణి దరిద్రుడిగానే కాపాడుకోవాలి. ఎవరో ఒక ముక్క చెబితే చాలు, నేను చెడిపోతాను. అందుకని ఆచార్యులవారు నా తలపైన బోర్డు పెట్టించారు: 'ఇతనికి ఎవరూ ఏమీ చెప్పరాదు. శాంపిల్ కలుషితమగును.' నోటీసు బోర్డుకు పాత దుప్పటి కప్పారు. టీ వచ్చిన సంగతి కూడా సమాచారమే కాబట్టి, టీ తెచ్చేవాడు పలకకుండా గ్లాసు నా పక్కన పెట్టి పోయేవాడు. చాలాసార్లు చల్లారాక చూసుకునేవాణ్ణి.

ఒకసారి నా కుర్చీ కిందికి పాము వచ్చింది. నాకు తెలియదు. ఎదురుగా పిల్లలంతా నోళ్ళకు చేతులడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ఎవరో ఆచార్యులవారిని పిలుచుకొచ్చారు. ఆయన తొందరపడే మనిషి కాదు.

"కుర్చీ క్రింద పాము కలదనుట సమాచారము. అది నిషిద్ధము. 'లెమ్ము' అనుట ఆజ్ఞ. ఆజ్ఞలో సమాచారమున్నదా లేదా అనునది విచార్యము. 'లెమ్ము' అనగానే, ఎందుకు లేవవలెను అని అతడు ఊహించును గదా!"

ఆ మాట మీద రెండు పక్షాలయ్యాయి. వాదన ముగిసేలోపు పాము నా కాలి మీదుగా పాక్కుంటూ మెట్లు దిగిపోయింది. అది చూసి నేను లేచి నిలబడ్డాను. 'స్వీయ పరిశీలన ద్వారా సమాచార సేకరణ' అని షంషాద్ రాసుకుంది.

కానీ పాము లాంటివి అందరికీ కనిపిస్తాయి. నాకు కనిపించడమే తగ్గిపోతూ వచ్చింది. కుడి కంట్లో పొర నిండా కమ్మింది. ఎడమ కన్ను కూడా అదే దారి పట్టింది. కిందటి ఏడాది ధర్మానికి చేసే కంటి డాక్టర్లు మా ఊరికి వచ్చినప్పుడు చూసి, "ఇంకా పండలేదు, వచ్చే ఏడాది శిబిరానికి రా. అప్పుడు కూడా రాకపోతే లోపలే చెడి కన్ను పనికిరాకుండా పోతుంది" అన్నారు. బయట చేయించుకునే తాహతు మాకు లేదు.

ఒకరోజు సాయంత్రం జొన్నరొట్టె తట్టుతూ హంపమ్మ అంది: "మామా, కండ్ల డాక్టర్లు మళ్ళీ వస్తాండారంట. ఈసారి మీ కాలేజీలోనేనంట. ఏ దినమంటే..."

నేను రెండు చెవులూ మూసుకున్నాను. "చెప్పద్దు మే!"

"ఏంటికి?"

"నేను శాంపిల్‌ని."

హంపమ్మ పిండి చేతులు దులుపుకుంది. "వాళ్ళకంటే చదువెక్కువై తిక్క పట్టింది. నీకేమొచ్చింది మామా? కన్ను పోతే ఆ గుంతను కూడా చదువుకుంటారా వాళ్ళు?"

"నాకు తెలిస్తే ఆ పిల్ల చదువు పోతుంది" అన్నాను. అది నిజమే. షంషాద్ నాలుగేళ్ళ పరిశోధనంతా నా మీదే ఉంది. నేను చెడిపోతే ఆ కాగితాలన్నీ చెత్త. కానీ నిజం అంతవరకే కాదు. నాకు ఏమన్నా తెలిసిందంటే కుర్చీ పోతుంది, బిళ్ళ పోతుంది, మళ్ళీ నీళ్ళ పైపు. అది మాత్రం హంపమ్మకు చెప్పలేదు.

మర్నాడు షంషాద్‌ను అడిగాను. అంతవరకు నా అంతట నేను ఆ పిల్లను ఏమీ అడిగి ఎరగను.

"అమ్మా, కండ్ల డాక్టర్లు ఎప్పుడొస్తారు?"

ఆ పిల్ల కలం ఆగిపోయింది. "నాకు తెలుసు తాతా" అంది మెల్లగా. "చెప్పకూడదు. నువ్వడిగినావని మాత్రం రాసుకుంటా."

"రాసుకో తల్లీ."

రాసుకుంది. శాఖంతా గుప్పుమంది. శాంపిల్‌కు తనంతట తాను ఒక అవసరం పుట్టింది! ఆచార్యులవారు అందరికీ మైసూరుపాకు పంచారు. నాకు కూడా ఒక ముక్క ఇచ్చారు గానీ, ఎందుకో చెప్పలేదు. "సహజసిద్ధమైన అవసరము! తీరకుండా జాగ్రత్తగా కాపాడవలెను" అన్నారు. ఆ రోజు నుంచి నా అవసరం ఎంత పెరిగిందో రోజూ కొలిచి గోడ మీద గీత గీశారు. గీత పైకి పోతున్నకొద్దీ వాళ్ళ ముఖాలు వెలిగేవి. నాకు ఆ గీత కనబడేది కాదు. పైకి పోతోందని కూడా ఎవరూ చెప్పలేదు.

ఇలా ఉండగా మూల్యాంకన సంఘం వచ్చింది. దేశంలోని శాఖలన్నీ తిరిగి మార్కులు వేసే సంఘమది. పొద్దున్నే ముగ్గులు వేశారు, నాకు ఇస్త్రీ చొక్కా తొడిగారు. సంఘం పెద్దాయన నా ముందు చాలాసేపు నిలబడి నన్ను తలపై నుంచి కాళ్ళ దాకా చూశాడు.

"నాయనా, మీకు ఏమి తెలియవలసియున్నది?"

"కండ్ల డాక్టర్లు ఎప్పుడొస్తారో తెలియల్ల సామీ."

"ఎంతకాలముగా తెలియదు?"

"ఎప్పటి నుంచో తెలీదు."

ఆయన తన సంఘం వాళ్ళ వైపు తిరిగాడు. "అహా! నా ఉద్యోగ జీవితములో ఇంత నిర్మలమైన అవసరమును చూడలేదు. ఒక్క మచ్చ లేదు!"

ఎవరైనా మనల్ని అంతలా పొగిడితే కన్ను గురించి ఏం గుర్తుంటుంది? నేను కుర్చీలో ఇంకొంచెం నిటారుగా కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే కింద రోడ్డు మీద మైకు కట్టిన ఆటో వచ్చింది. "అయ్యలారా, అమ్మలారా! మీ కండ్ల కోసం..." అంటూ మొదలుపెట్టింది.

ఆచార్యులవారు ఎగిరిపడ్డారు. "కిటికీలు! కిటికీలు మూయుడు! గీతము ఎత్తుకొనుడు!"

పిల్లలు విశ్వవిద్యాలయ గీతం అందుకున్నారు. గీతం వస్తే నిలబడాలి కాబట్టి సంఘం వాళ్ళు నిలబడ్డారు, నేనూ నిలబడ్డాను. కింద ఆటోవాడు కూడా ఎవరి బిడ్డో గానీ మర్యాద తెలిసినవాడు, మైకు ఆపి ఆటో దిగి నిలబడ్డాడట. గీతానికి చరణాలు చాలా ఉన్నాయి. అయిపోగానే ఆచార్యులవారు మళ్ళీ మొదటినుంచి అందుకోమని సైగ చేశారు. పిల్లల గొంతులు పోయాయి. పాపం ఆటోవాడికి ఇంకా ఊరంతా తిరగాల్సి ఉంది. చేతులు జోడించి, మైకు ఆపుకునే వెళ్ళిపోయాడట.

"సురక్షితము!" అన్నారు ఆచార్యులవారు చెమట తుడుచుకుంటూ. సంఘం వాళ్ళు ఆయన చేతులు పట్టుకుని ఊపి, భోజనానికి వెళ్ళారు. షంషాద్ మాత్రం నా దగ్గరే నిలబడింది. "కూర్చో తాతా" అంది. గీతం పాడలేదు కాబోలు, గొంతు బాగానే ఉంది.

అప్పుడు హంపమ్మ వచ్చింది. చెప్పులు చేతిలో ఉన్నాయి, కొంగు బిగించి ఉంది. కాపలాదారు వెనకాలే పరిగెత్తుతూ, "అమ్మా, ఆయనకేమీ చెప్పకూడదు, బోర్డు చూడు" అంటున్నాడు.

"నేనేం చెప్తాండానప్పా? నోరు తెరిస్తేనే చెవులు మూసుకునే మొగుడితో నాకేం మాటలు?" అని నా రెక్క పట్టుకుని లేపింది. "నడువు."

నడిచాను. ఎక్కడికో తెలియదు. తెలియదు కాబట్టి ఇంకా చెడిపోలేదని ధైర్యంగానే నడిచాను. వెనక షంషాద్ రాసుకుంటూ వస్తున్న చప్పుడు వినబడుతోంది. మెట్లు దిగి, మట్టిదారి దాటి, ఏదో నీడలోకి తీసుకుపోయింది. డెటాల్ వాసన. జనం గుసగుసలు. ఎక్కడికొచ్చానో నా ముక్కుకు అర్థమవుతోంది గానీ, ముక్కు సంగతి ఎవరూ నిబంధనల్లో రాయలేదు.

బల్ల దగ్గర ఒకమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుంది. నా పేరు, ఊరు, వయసు హంపమ్మ చెప్పింది.

"సరే తాతా. ఈ శిబిరం సంగతి నీకెట్ల తెలిసింది?"

"తెలీదు" అన్నాను.

"మైకులో విన్నావా?"

"ఆ టయానికి పాట పాడినారు."

"పేపర్లో చూసినావా? ఎవరన్నా చెప్పినారా?"

"ఎవరూ ఏమీ చెప్పలేదు."

ఆ అమ్మాయి తల గోక్కుంది. "అట్ల కుదరదు తాతా. ఎట్ల తెలిసిందో నొక్కకపోతే ఇది ముందుకు పోదు. 'తెలీదు' అనే మీట ఇందులో లేదు. మీ సమాచార శాస్త్రం వాళ్ళే తయారుచేసిచ్చినారు దీన్ని."

"నేను చెప్తాండా, రాసుకో!" అని హంపమ్మ నా వైపు తిరిగింది. "మామా, ఇది కండ్ల..."

నేను చెవులు గట్టిగా మూసుకున్నాను. నా మీద ఒట్టు, అప్పుడు కూడా మూసుకున్నాను. హంపమ్మ ఏడుస్తోందో తిడుతోందో తెలియలేదు, మసగ్గా ఆమె నోరు కదలడం మాత్రం కనబడింది. బల్ల దగ్గరమ్మాయి గోడ గడియారం వైపు చెయ్యి చూపింది. డాక్టర్లు సామాను సర్దుకుంటున్నట్టున్నారు, ఇనుప గిన్నెల చప్పుడు నా అరచేతుల్లోంచి కూడా వస్తోంది.

అప్పుడెవరో నా మణికట్లు పట్టుకున్నారు. సన్నటి చేతులు. మెల్లగా, కానీ వదలకుండా, నా చేతులు చెవుల మీది నుంచి తీశారు.

"తాతా" అంది షంషాద్. "ఈపొద్దు కండ్ల శిబిరం. ఇదే ఆఖరు దినం. ఇంకో అర్ధగంటలో మూసేస్తారు. నీ కుడి కన్ను పోతాది, చేయించుకో."

నాలుగేళ్ళ చదువు ఆ మాటలతో నేల మీద పడింది. ఆ పిల్ల కాగితాలు కూడా పడ్డాయి, ఎవరూ ఏరలేదు.

"ఎంత పని చేస్తివి తల్లీ" అన్నాను. సంతోషంతో కాదు, నిజంగానే ఎవరో పోయినట్టనిపించింది. బిళ్ళ తడుముకున్నాను.

బల్ల దగ్గరమ్మాయి 'స్నేహితులు చెప్పారు' అనే మీట నొక్కింది.

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పాక ముందు హంపమ్మను చూశాను. ఆమె పక్కన పెద్ద కళ్ళద్దాలు పెట్టుకుని, నిద్ర లేని ముఖంతో ఒక సన్నటి పిల్ల కూర్చుని ఉంది. ఇన్నాళ్ళూ నన్ను చదివిన పిల్లను నేను సరిగ్గా చూడడం అదే మొదలు.

"సార్ ఏమన్నాడు?" అని అడిగాను.

"శాంపిల్ చెడిపోయిందన్నాడు. నా రీసెర్చి కొట్టేస్తామన్నాడు. అంతలో సంఘం వాళ్ళు మనకు మొదటి ర్యాంకు ఇచ్చినట్లు కాగితం వచ్చింది. ర్యాంకు నిలవాలంటే నువ్వు ఉండల్ల. ఇంకో దరిద్రుడు జిల్లాలో లేడు. అందుకని రాత్రంతా కూర్చుని ఈ ఆర్డరు వేసినాడు."

ఆ పిల్ల ఆచార్యులవారి ఉత్తర్వు చదివి వినిపించింది: 'శాంపిల్ నంబరు ఒకటి తాను పొందిన సమాచారమును విద్యా సంవత్సరాంతములోగా సంపూర్ణముగా మరచిపోవలెను. మరచిన పిమ్మట పరిశోధన పూర్వపు స్థితినుండి కొనసాగును. మరువని యెడల పరిశోధకురాలి ప్రవేశము రద్దగును.'

"నువ్వేం దిగులు పడద్దు" అన్నాను. జీవితంలో అన్ని మాటలు ఒక్కసారిగా ఎప్పుడూ మాట్లాడలేదు. "మూడు తరగతులు చదివితే మూడూ మర్చిపోయినోణ్ణి. ఇదెంత? నీ చదువు పోనీయను."

షంషాద్ నవ్విందో ఏడ్చిందో, కొత్త కన్నుతో కూడా తేల్చుకోలేకపోయాను.

అప్పటి నుంచి అదే పని మీద ఉన్నాను. అనుకున్నంత తేలిక కాదు. కన్ను బాగుపడ్డాక కనబడినవన్నీ లోపలికి వచ్చేస్తున్నాయి. బస్సుల మీది ఊర్ల పేర్లు, సబ్బు కాగితాలు, గోడల మీద ఎవరికో జన్మదిన శుభాకాంక్షలు, అన్నీ కూడబలుక్కుని చదివేస్తున్నాను. మానుకుందామంటే కన్ను మాట వినడం లేదు. పొద్దుగూకే వేళకు అరుగు మీద కూర్చుని, కొత్త కంటిని అరచేత్తో మూసుకుని, శిబిరం, ఆఖరు దినం, అర్ధగంట, ఒక్కొక్క మాటా పట్టుకుని బయటికి తోస్తున్నాను.

నిన్న హంపమ్మ చాట పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏం చేస్తాండావు మామా?"

"మర్చిపోతాండా."

"ఏం మర్చిపోతాండావు?"

"అడగద్దు మే" అన్నాను. "చెప్తే గుర్తొస్తాది."